ఉద్యోగం చేస్తూ శిల్పం నేర్చుకోవచ్చా? మట్టితో మొదలుపెట్టాలా, రాయితోనా?

ప్రశ్న అడిగినవారు గుంటూరులో ఉద్యోగం చేస్తున్నారు, వయసు 31. చిన్ననాటి నుంచి బొమ్మలు చేయాలనే కోరిక ఉన్నా లలితకళల కళాశాలలో చేరే వీలు కుదరలేదని, ఆరు నెలలుగా వీడియోలు చూసి ఇంట్లో మట్టితో ముఖాలు చేస్తున్నా అవి మనిషి తలల్లా కాక ముసుగుల్లా వస్తున్నాయని రాశారు. ఈ వయసులో ఒక శిల్పశాలకు వెళ్లి నేర్చుకోవడం సాధ్యమేనా, మట్టితో మొదలుపెట్టాలా లేక రాయితోనా, ఎంతకాలం పడుతుంది అన్నవి వారి సందేహాలు.

నేర్చుకోవచ్చు. 31 ఏళ్లు ఈ పనికి ఏమాత్రం ఆలస్యం కాదు, పట్టా లేకపోవడమూ అడ్డంకి కాదు. అయితే నిజంగా పని జరుగుతున్న శిల్పశాలకు వారానికి కనీసం రెండు పూటలు వెళ్లాలి, మట్టితోనే మొదలుపెట్టాలి, మొదటి సంవత్సరం చేసిన ప్రతి తలనూ మళ్లీ మట్టిలో కలిపేయడానికి సిద్ధపడాలి. ఈ మూడూ పాటించినవారు సుమారు రెండేళ్లలో అసలు మనిషి తల కొలతలో ఒక తలను మట్టిలో చేసి, అచ్చు తీసి, పోతపోసి, నలుగురికి చూపించగల స్థితికి రావడం నేను చాలాసార్లు చూశాను. విజయవాడ, గుంటూరుల మధ్య 26 ఏళ్లుగా శిల్పశాల నడుపుతున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మీ ముఖాలు ముసుగుల్లా ఎందుకు వస్తున్నాయో ముందు చెప్పాలి, ఎందుకంటే మిగతా సమాధానమంతా దాని మీదే ఆధారపడి ఉంది. వీడియోలో కెమెరా ఒకచోట నిలబడి ఉంటుంది. మీరూ దానిలాగే మీ బొమ్మ ఎదుట ఒకచోట కూర్చుని కళ్లు, ముక్కు, పెదవులు దిద్దుతున్నారు. కొత్తగా చేసే దాదాపు ప్రతివారి బొమ్మలోనూ తల వెనుక భాగం ఉండవలసినంత ఉండదు, చెవి ముందుకు వచ్చేస్తుంది, కళ్లు నెత్తికి దగ్గరగా జరుగుతాయి. పెద్దవారి తలలో కళ్ల గీత నడినెత్తికీ గడ్డం కొసకూ సరిగ్గా సగంలో ఉంటుంది. పక్కనుంచి చూస్తే చెవి తల మధ్యగీతకు కొంచెం వెనుకగా ఉంటుంది. ఈ మాటలు చదివితే ఒక్క నిమిషంలో అర్థమవుతాయి గానీ, చేతికి రావడానికి పది తలలైనా చేయాలి. మనం మనిషిని గుర్తుపట్టేది ముఖం ద్వారా కాబట్టి మన చూపు ముఖాన్ని పెద్దది చేసి, నుదుటి పైభాగాన్నీ తల వెనుక భాగాన్నీ చిన్నవి చేసేస్తుంది. ఈ అలవాటును మాన్పించేది పక్కన నిలబడి "ఇటు రండి, ఇక్కడినుంచి చూడండి" అని చెప్పే మనిషే.

అందుకే మా దగ్గర బొమ్మ పెట్టే పీట తిరుగుతుంది, కూర్చోబెట్టిన మనిషి కుర్చీ కూడా తిరుగుతుంది. కొన్ని నిమిషాలకొకసారి రెండింటినీ ఎనిమిదో వంతు తిప్పి, ఆ కోణంలో కనిపించే అంచుగీతను మాత్రమే సరిచేస్తారు. ఎదుటినుంచి చూడటం అందులో ఒక వంతే. ఒకసారి స్టూలెక్కి పైనుంచి, ఒకసారి నేలమీద కూర్చుని గడ్డం కిందినుంచి చూడమంటాను. ఫ్రెంచి శిల్పి రోదాఁ పద్ధతి కూడా ఇదే; ఆయన మనిషి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క పక్క అంచును విడిగా పట్టుకుని, వాటన్నిటినీ కలిపితేనే ఆకారం వస్తుందని నమ్మి పనిచేశారు. మొదటి మూడు నెలలూ నేను ఎవరినీ కనురెప్పలు చేయనివ్వను. గుడ్డు ఆకారం, మెడ స్తంభం, ఆ రెండూ కలిసే కోణం, కంటి గుంటలు, దవడ మలుపు, ఇంతవరకే. ఇది కఠినంగా తోచవచ్చు. కానీ పుర్రె సరిగ్గా కూర్చోని తల మీద ఎంత చక్కని కన్ను దిద్దినా ఆ కన్ను తప్పుచోట ఉంటుంది. దాన్ని చెరపడానికి మనసొప్పక, తప్పుతోనే నెలలు గడుస్తాయి.

ఇక మట్టి. మీరు ఇంటి వెనుక నుంచి తెచ్చిన నల్లమట్టి ఆరగానే పగుళ్లిస్తోందని రాశారు. గుంటూరు చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నది నల్లరేగడి. పత్తికీ మిరపకూ అది బంగారం, మనకు మాత్రం పనికిరాదు. అది నీరు పీల్చుకుని బాగా ఉబ్బి, ఆరినప్పుడు అంతకంత ముడుచుకుంటుంది; వేసవిలో పొలాల్లో కాలు పట్టేంత బీటలు చూసే ఉంటారు, మీ బొమ్మ మీద జరిగిందీ అదే. మనకు కావలసింది కుమ్మరులూ వినాయక ప్రతిమలు చేసేవారూ వాడే చెరువు అడుగు బంకమట్టి. వారి దగ్గరే నాలుగు బస్తాలు కొనుక్కోవడం మేలు. దాన్ని పూర్తిగా ఎండబెట్టి, కొట్టి, నీళ్లలో నానేసి, సన్నని జల్లెడ గుండా వడగట్టి, పాత గుడ్డల మీద నీరు దించి, ఆ తరువాత పిసకాలి. పిసకడమంటే గట్టిగా నొక్కడం కాదు, లోపల గాలి బుడగ మిగలకుండా మడిచి మడిచి ఒత్తడం. వేలు ఒత్తితే గుర్తు పడాలి, వేలికి మట్టి అంటకూడదు.

కొత్తగా వచ్చినవారు ఈ పనిని శిల్పానికి ముందు చేయవలసిన చాకిరీగా భావించి, తయారు మట్టి దొరకదా అని అడుగుతారు. దొరుకుతుంది, నూనెతో కలిపిన, ఎండిపోని మోడలింగ్ క్లే కూడా దొరుకుతుంది, చిన్న నమూనాలకు అది మంచిదే. కానీ ఒక ఏడాదైనా మట్టిని స్వయంగా సిద్ధం చేసుకున్నవారి చేతికి దాని తడి ఎంత ఉందో చూడకుండానే తెలుస్తుంది. మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. విజయవాడ మే నెల ఎండల్లో తడిగుడ్డ కప్పకుండా వదిలిన తల సాయంత్రానికి ముక్కు కొస, చెవి అంచులు ఎండి, లోపలి మట్టి ఇంకా మెత్తగా ఉండగానే విడిపోతుంది. పలుచని నూలుగుడ్డ తడిపి కప్పి, దానిమీద పాలిథిన్ సంచి చుట్టి, కింద తాడుతో కట్టాలి. ఊరికి వెళ్తే ఎవరికైనా అప్పగించి వెళ్లాలి.

ఆర్మేచర్, అంటే మట్టిని లోపలినుంచి మోసే చట్రం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో నేర్చుకునేవారు అందరూ దాటేసేది ఇదే. అసలు మనిషి కొలతలో భుజాలతో సహా ఒక బస్ట్ చేయడానికి తడిమట్టి 30 కిలోలకు పైగా పడుతుంది. ఆ బరువంతా లోపలి చట్రం మీద నిలబడాలి. మందపాటి చెక్క పలక, దానికి గట్టిగా బిగించిన ఇనుప గొట్టం, పైన తల ఆకారానికి వంచిన అల్యూమినియం తీగ లేదా సన్నని కడ్డీ, వాటినుంచి తీగతో వేలాడే చిన్న చెక్క శిలువలు. ఈ శిలువలను మా పనిలో బటర్‌ఫ్లై అంటారు. అవి మట్టిలో ఇరుక్కుని జారిపోకుండా పట్టుకుంటాయి. నేను నేర్చుకుంటున్న రోజుల్లో అవి కట్టడానికి బద్ధకించి, మూడు వారాలు చేసిన ఒక వృద్ధుడి తల రాత్రికి రాత్రి మెడదగ్గర కుంగి, ఉదయానికి ముఖం ఛాతీ మీద వాలి ఉంది. మా గురువుగారు ఒక్క మాటా అనలేదు, మట్టి తీసేసి కొత్త చట్రం కట్టమని తీగల చుట్ట నా చేతికిచ్చారు. అప్పటినుంచి చట్రం కట్టడమే ఆకారాన్ని మొదటిసారి ఆలోచించడమని తెలిసింది. తల ఎటు వాలిందో, మెడ ఎంత ముందుకు వచ్చిందో ఆ తీగల్లోనే నిర్ణయమైపోతుంది. గొట్టాన్ని నిటారుగా నిలిపి, తరువాత మట్టితో మెడ వంచాలని చూస్తే మట్టిలోంచి ఇనుము బయటికి వస్తుంది.

ఇది చిన్న బొమ్మలకే కాదు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కూడా లోపలి ఉక్కు చట్రం మీద కంచు తొడుగుతో నిలిచిందే. పెద్ద చట్రం అవసరమైనప్పుడు మేము ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకుంటాం. అక్కడికి వెళ్లి నిలబడి, ఏ కడ్డీ ఎంత బరువు మోస్తుందో వారినడిగి తెలుసుకోవడం కూడా మీ చదువులో భాగమే.

ఒక హెచ్చరిక. చట్రం మీద చేసిన మట్టి బొమ్మను కాల్చలేరు, ఆరబెట్టి దాచుకోనూ లేరు. మట్టి ముడుచుకుంటుంది, ఇనుము ముడుచుకోదు, కాబట్టి పగలక తప్పదు. కాల్చిన మట్టి బొమ్మ కావాలంటే చట్రం లేకుండా, లోపల బోలుగా, గోడ మందం ఒక అంగుళానికి మించకుండా కట్టాలి. నీడలో వారాల తరబడి ఆరబెట్టి, బట్టీలో వేడిని నీరు ఆవిరయ్యే 100 డిగ్రీలు దాటేవరకు చాలా నెమ్మదిగా పెంచాలి. మందంగా ఉన్నచోట మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే బొమ్మ బట్టీలోనే పేలిపోతుంది. మీరు చేసిన వినాయకుడి తల కాల్చేటప్పుడు పేలిపోయిందని కూడా రాశారు; దానికి ఇంతకంటే వేరే కారణం ఉంటుందని నేను అనుకోను.

చేసిన తలలను మట్టిలో కలిపేయమన్నది ఎందుకో చెప్పాలి. మా దగ్గరికి ఆరేళ్లు క్రితం గుంటూరు నుంచే ఒక ఉపాధ్యాయురాలు వచ్చేవారు. చేతి నేర్పు చాలా ఉంది. రెండో నెలలోనే చేసిన ఒక చిన్నపిల్ల తలకు అచ్చు తీయాలని పట్టుబట్టారు. తీశాం. ఆ ప్లాస్టర్ తల ఆమె ఇంట్లో ఉన్నంతకాలం, తరువాత చేసిన ప్రతి తలా దానికి అన్నదమ్ముడిలాగే వచ్చింది. అదే నుదురు, అవే బుగ్గలు. ఎదుట కూర్చున్న మనిషి మారినా చేయి పాత తలనే చేస్తోంది. ఒకరోజు ఆమే ఆ ముక్క తెచ్చి అటక మీద పెట్టించి, ఒకే మనిషిని కూర్చోబెట్టుకుని వరుసగా తొమ్మిది తలలు చేసి కలిపేశారు. ఏడోదో ఎనిమిదోదో చేస్తుండగా "ఈయన ఎడమ దవడ కుడిదానికంటే కిందికి ఉందండీ, ఇన్నాళ్లూ నేను చూడనేలేదు" అన్నారు. నాకు ఆ మాట ఆమె చేసిన బొమ్మలన్నిటికంటే విలువైనదిగా తోచింది. మట్టి దొరుకుతూనే ఉంటుంది కాబట్టి తలను కలిపేస్తే నష్టపోయేదేమీ లేదు. ఫొటోలు మాత్రం నాలుగు పక్కలనుంచీ తీసి ఉంచుకోండి.

అచ్చు తీయడం రెండో ఏడాది పని. మొదట నేర్పేది వేస్ట్ మౌల్డ్, అంటే ఒక్క ప్రతి మాత్రమే వచ్చి, పగిలిపోయే అచ్చు. తల చుట్టూ, చెవుల వెనుకగా పలుచని ఇత్తడి రేకుముక్కలు వరుసగా గుచ్చి ముందు, వెనుక భాగాలను వేరు చేస్తాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నీళ్లలో చల్లుకుంటూ, పైన చిన్న చిన్న దీవుల్లా పొడి తేలేవరకు ఆగి, అప్పుడు కలపాలి. నీళ్లను ప్లాస్టర్‌లో పోస్తే గడ్డలు కడుతుంది. మొదటి పలుచని పూత నీళ్లలో కొంచెం నీలిమందు కలుపుతాం. దానిమీద తెల్ల ప్లాస్టర్ మందంగా వేస్తాం. గట్టిపడ్డాక రెండు భాగాలు విడదీసి, మట్టి తీసి, కడిగి, సబ్బు నురగ పూసి, మళ్లీ కట్టి, లోపల ప్లాస్టర్ పోస్తాం. మరునాడు ఉలితో పై అచ్చును కొట్టేస్తున్నప్పుడు తెల్లపొర పోయి నీలం కనిపించగానే చేయి నెమ్మదించాలి, ఎందుకంటే దాని కిందే మీ బొమ్మ ముక్కు ఉంది. ఈ నీలిపూత వెనుక ఉన్న ఆలోచన నన్ను ఇప్పటికీ ఆనందపరుస్తుంది; ఎప్పుడో ఎవరో తమ బొమ్మ ముక్కు పోగొట్టుకున్న తరువాతే ఇది కనిపెట్టి ఉంటారు.

వర్షాకాలంలో ప్లాస్టర్ సంచి తెరిచి ఉంచకండి, గాలిలో తేమ పీల్చుకుని సరిగా గట్టిపడదు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, కాబట్టి చేతి అచ్చు తీయాలని చేతిని మందపాటి ప్లాస్టర్‌లో పెట్టి ఉంచడం ప్రమాదం. కాలిన గాయాలు లోతుగా అవుతాయి. ఫైబర్ పోతకు (గాజునారను రెసిన్ అనే జిగురు ద్రవంతో గట్టిపరిచే పనికి) వెళ్లినప్పుడు రెసిన్‌లో గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ ముందుగా కలిపి, బాగా కలిసిన తరువాతే దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ కలపాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయకూడదు, మంట లేదా పేలుడు జరుగుతుంది. మా ఎండల్లో రెసిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది కాబట్టి వేసవిలో క్యాటలిస్ట్ తగ్గించి, తెల్లవారుజామున పని ముగిస్తాం. మూసిన గదిలో ఈ పని చేయవద్దు, మీ ఫ్లాట్‌లో అసలే వద్దు.

రాయి విషయానికి వస్తే, అది నా అభిప్రాయంలో మూడో ఏడాది. మట్టిలో తప్పు చేస్తే కలుపుకోవచ్చు, రాయిలో పోయింది తిరిగి రాదు అన్నది అందరూ చెప్పే కారణం. నాకు దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి: రాతిలోపల ఆకారం ఎక్కడ ఉందో ముందే చూడగలిగే శక్తి, మట్టిలో లోపలినుంచి బయటికి కట్టినవారికే త్వరగా వస్తుంది. పల్నాటిలోని దుర్గి రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. ఒకసారి వెళ్లి ఉలి, సుత్తి ఎలా కలిసి నడుస్తాయో చూసి రండి. రాతిధూళి విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. గ్రానైటు, ఇసుకరాయి ధూళిలో ఉండే సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం చాలదు, సరైన మాస్కు ధరించాలి, వీలైనచోట తడిపి కోయాలి.

దేవతామూర్తులు చేయాలన్నదే మీ కోరికైతే దారి వేరు. అక్కడ ఎదుట మనిషి ఉండడు, తాలమానం, అంటే ప్రతిమల కొలతల పద్ధతి ఉంటుంది. ముఖం పొడవు ఒక తాలం, అంటే 12 అంగుళాలు (ఇవి స్కేలు మీది అంగుళాలు కావు, ఆ విగ్రహాన్నిబట్టి నిర్ణయించుకునే భాగాలు); మొత్తం ఎత్తు నవతాల ప్రతిమకు 108, ఉత్తమ దశతాలానికి 124 భాగాలు. దానిని క్రమంగా నేర్పడానికి తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. ఉద్యోగం వదిలి వెళ్లలేనివారు ఒక స్థపతి (ఆలయ శిల్పాచార్యుడు) దగ్గర చేరడమే మార్గం. రెండు దారులనూ మొదట్లోనే కలపవద్దని నా సలహా.

శిల్పశాలకు వెళ్లని రోజుల్లో ఏం చేయాలన్నది మీరు అడగలేదు, కానీ అడగవలసినదే. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధమూర్తి ఉంది. దాని ఎదుట గంటసేపు కూర్చుని వస్త్రపు మడతలు శరీరం మీద ఎక్కడ అంటుకున్నాయో, ఎక్కడ విడిపోయి వేలాడాయో పెన్సిల్‌తో గీయండి. అమరావతి మ్యూజియం మీకు ఇంకా ముఖ్యం. పల్నాటి సున్నపురాయి పలకల మీద కొద్దిపాటి లోతులోనే ఒకరి వెనుక ఒకరుగా మనుషులను ఎలా నిలిపారో చూడండి. వాటిలో ఒక చిన్న భాగాన్ని ఇంట్లో పలక మీద మట్టితో చేయండి. ఆర్మేచర్ అక్కరలేదు, చోటూ తక్కువే పడుతుంది. చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్తే అమరావతి నుంచి వెళ్లిన నాళగిరి ఏనుగు పలకను తప్పక చూడండి. ఒకే వృత్తంలో ఒకపక్క ఏనుగు మనుషుల మీద పడి వస్తోంది, మరొకపక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. ఆ రెండింటి మధ్య జనం శరీరాలు భయంతో ఎటు వంగాయో గీసుకుంటే కదలిక గురించి ఏ పాఠమూ చెప్పనంత తెలుస్తుంది.

ఇంకొక మాట. మీరు శిల్పం చేస్తున్నారని తెలిస్తే, మన ప్రాంతంలో ప్రతి కూడలికీ విగ్రహం కావాలి కాబట్టి, ఎవరో ఒకరు ఒక్క ఫొటో తెచ్చి తమ తండ్రిగారి బస్ట్ చేసిపెట్టమంటారు. మొదటి మూడేళ్లు ఒప్పుకోకండి. దగ్గరనుంచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దాన్ని కొలిచి చేస్తే తప్పే వస్తుంది. చాలా ఏళ్ల క్రితం ఒక రైతు విగ్రహం చేస్తూ ఉన్న మూడు ఫొటోల కొలతలన్నీ సరిపోల్చాను. కుటుంబం వచ్చి చూసి, అన్నీ సరిగానే ఉన్నాయి కానీ ఆయన కాదన్నారు. ఏమి తక్కువైందో వారూ చెప్పలేకపోయారు. చివరికి ఆయన భార్య, "ఆయన ఎప్పుడూ కొంచెం కుడిచెవి ఇటుపెట్టి వినేవారు బాబూ, ఎడమ చెవి వినపడేది కాదు" అన్నారు. మెడ దగ్గర కోసి, తలను వేలెడంత తిప్పాను. ఆమె లేచి వచ్చి తడిమట్టి భుజం మీద చేయి వేశారు. ముఖంలో నేను మరేమీ మార్చలేదు.

ఇక శిల్పశాలను ఎలా ఎంచుకోవాలి. గుంటూరు నుంచి మీకు తెనాలి దగ్గర, విజయవాడ కూడా దూరం కాదు. రెండు చోట్లా విగ్రహాలు చేసే శాలలు ఉన్నాయి. ఒక రోజంతా కూర్చుని చూడడానికి అనుమతి అడగండి. కొత్తవారి చేత కేవలం ఇసుకకాగితం పట్టించి, రంగులు వేయించే చోట మీరు నేర్చుకునేది తక్కువ. మట్టి పిసకడం, చట్రం కట్టడం, అచ్చు పగలగొట్టడం వరకు ఒకే పనిని మొదటినుంచి చివరిదాకా మీ కళ్లముందు జరగనిచ్చే చోట, చెత్త ఊడ్చే పని ఇచ్చినా చేరండి. పనివాళ్ల ముక్కుకు మాస్కులున్నాయా, రెసిన్ పని బయట జరుగుతోందా అన్నవి కూడా చూడండి. మొదటి రోజు వెళ్లేటప్పుడు పాత నూలుగుడ్డలు, ఒక సన్నని తీగ, వెదురు చీల్చి చెక్కిన రెండు పుల్లలు తీసుకెళ్తే చాలు. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి.